ఆదివారం డాక్టరు

జూన్ 3

బావగారికి,

మీ మైకు నమస్కారాలు. ఫోను చేస్తే "ఊఁ", "సరే", "ఉంటా" అని మూడు ముక్కలతో సరిపెడుతున్నారు. ఆ మూడు ముక్కలకి రాజధాని నుంచి ఫోనెందుకు? అందుకే ఉత్తరం. నా వాగుడు చూసి మైకని పేరు పెట్టిన అక్క కూడా అనేది కదా, "నీ నోటిమాట నేను నమ్మను, కాగితం మీద పెట్టరా" అని.

శాసనసభలో వెనక వరసలో కిటికీ పక్క సీటిచ్చారు. ముందు వరసవాళ్లు కునుకు తీస్తే టీవీలో పడతారు. మాకా బాధ లేదు. వార్డు మెంబరుగా ఉన్నప్పుడు నా ఆఫీసు మీ వరండా. మేయరయ్యాక ఒక గది. ఇప్పుడు రెండు గదులు, ఒక సెక్రటరీ. వాడి చొక్కాలు నా చొక్కాలకంటే బాగుంటాయి.

అసలు సంగతి. పార్టీ పెద్దాయన పిలిచాడు. పార్లమెంటుకి నా పేరు అనుకుంటున్నారట. "చెయ్యని పనులు నువ్వే చదువుతావటగా, ఆ పుస్తకం ఏదీ?" అన్నాడు. చెప్పాను. పద్నాలుగేళ్ల క్రితం పాలబూత్ ముందు బల్లెక్కి మాట్లాడిన రోజునుంచి నేనిచ్చిన ప్రతి మాటా అక్క నోటుబుక్కులో రాసేదనీ, పని అయిందని కళ్లారా చూసొచ్చాకే ఎర్ర గీత కొట్టేదనీ, మళ్లీ ఎన్నికలొస్తే మొదటి మీటింగులో మిగిలినవన్నీ నాచేత చదివించేదనీ, వేదిక ఎడమవైపు మెట్ల దగ్గర నించుని నేను ఒకటి మింగేస్తే దగ్గేదనీ. మీకు తెలిసిన కథే. ఇక్కడ రోజుకి పదిమందికి చెప్తున్నాను, అలవాటైపోయింది.

ఎక్కడికెళ్లినా మన కాలనీ ఆసుపత్రి గురించి చెప్తున్నాను బావా. "మా కాలనీలో ఆదివారం కూడా డాక్టరుంటాడు. దేశమంతా ఎందుకుండకూడదు?" ఇంక చప్పట్లు ఆగవు. పుస్తకం పంపండి. మీరూ వచ్చెయ్యండి. ఒక గది ఊరికే పడి ఉంది. వంట చేసే ఆయన మీలాగే మాట్లాడడు, మీ ఇద్దరికీ బాగా కుదురుతుంది.

మీ
మైకు


జూన్ 11

మైకుకి,

ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను.

రాలేను. స్కూలు పుస్తకాల ప్రూఫులు వస్తున్నాయి. ఆగస్టు దాకా పని ఉంది. రిటైరయ్యాక కూడా ప్రెస్సువాళ్లు పిలుస్తున్నారంటే కొత్తవాళ్లు తప్పులు వదిలేస్తున్నారని అర్థం.

పుస్తకం ఇక్కడే ఉంది. తను పెట్టిన చోటే, కుట్టుమిషను మీద. కదపలేదు.

ఒక మాట. మీటింగుల్లో ఆసుపత్రి సంగతి ఎత్తవద్దు. వేరేవి చాలా ఉన్నాయి. కుళాయిలు ఉన్నాయి. బడి మెట్లు ఉన్నాయి. అవి చెప్పు.

వంటింటి కిటికీ చెక్క వానకి ఉబ్బి మూసుకోవడం లేదు. వడ్రంగి వస్తానన్నాడు. రాలేదు. ఇప్పటికీ రెండు గ్లాసుల టీ పెడుతున్నాను. కొలత తగ్గిస్తే రుచి కుదరడం లేదు.

బావ


జూన్ 20

బావా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది. చప్పట్లు పడే ఒక్క మాటా తీసెయ్యమంటే ఎలా? రెండోసారి తట్టింది. ఆసుపత్రి అన్న మాట వింటేనే మీకు అక్క పోయిన రోజు గుర్తొస్తుంది. పెద్దాసుపత్రైతేనేం, కాలనీ ఆసుపత్రైతేనేం. నా బుర్రకి అది తట్టలేదు. మూడోసారి చదువుతుంటే ఇంకోటి తోచింది.

అందుకని ఒక పని చేశాను. కోప్పడకండి. కాలనీ ఆసుపత్రికి అక్క పేరు పెట్టిస్తున్నాను. కార్పొరేషనులో తీర్మానం అయిపోయింది, ఒక్కరు కూడా కాదనలేదు. ప్రతిపక్షం వాళ్లయితే లేచి నించున్నారు కూడా, ఎందుకంటే వాళ్లందరినీ ఏదో ఒక రోజు అక్క వరండాలో కూర్చోబెట్టి తిట్టింది. రాయి చెక్కుతున్నారు. నల్ల రాయి, తెల్ల అక్షరాలు. మీరే తెర తియ్యాలి. ఉపన్యాసం అక్కర్లేదు, "ఊఁ" అంటే చాలు.

పెద్దాయనకి చెబితే కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడో లేక అలవాటో నాకు తెలీదు. ఇక్కడ అందరికీ ఆ అలవాటుంది.

రాయి మీద ఏం రాయాలో మీరే రాసి పంపండి. అక్షరం తప్పు పోకూడదు కదా.

మీ
మైకు


జూన్ 29

మైకుకి,

పేరు పెట్టవద్దు. రాయి ఆపించు.

వడ్రంగి వచ్చాడు. కిటికీ మూసుకుంటోంది. ఇప్పుడు తెరుచుకోవడం లేదు.

బావ


జూలై 8

బావగారికి,

రెండు వారాలు ఎదురుచూస్తే రెండు ముక్కలు వచ్చాయి. కిటికీకి నాకంటే ఎక్కువ రాశారు.

ఇక దాచుకోకుండా అడుగుతున్నాను. కాలనీ సంఘం కార్యదర్శి ఫోను చేశాడు. మీరు ఎవరితోనూ మాట్లాడటం లేదట, మెట్ల మీద ఎదురైనా తల దించుకుని పోతున్నారట. అది మీ తీరు, నేనేమీ అనుకోలేదు. కానీ లాయరు మీ ఇంటికొచ్చి గంటసేపు కూర్చున్నాడట. ఏ లాయరో మీకు తెలుసు. మేయరు ఎన్నికల్లో నామీద నించున్నవాడు. ఆయనకి మన వరండాలో ఏం పని? పుస్తకం కోసమే అయ్యుంటుంది. నాకు పంపని పుస్తకం ఆయనకి చూపించారా?

మా సెక్రటరీ అంటాడు, "సార్, ఇంట్లోవాళ్లకి మీరు పైకెళ్లడం ఇష్టం లేదేమో" అని. ఒక్కటి పీకాలనిపించింది. పీకలేదు. ఎందుకంటే నాకూ ఆ అనుమానం వచ్చింది కాబట్టి.

అనుమానం కాదు, అసలు సంగతి నేనే చెప్తాను. ఆ ఆదివారం నేను లేను. మీరు అక్కని పెద్దాసుపత్రికి తీసుకెళుతున్నప్పుడు నేను పక్క ఊళ్లో వేదిక మీద ఉన్నాను. ఫోను సెక్రటరీ జేబులో ఉంది. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. మీరు ఒక్క మాట అనలేదు. "వెంటనే తెచ్చాం, లాభం లేకపోయింది" అన్నారు, అంతే. అనాల్సింది ఇప్పుడంటున్నారు కదూ, ఇలా, ఒక్కో లైను చొప్పున? పన్నెండేళ్లవాణ్ణి మీ ఇంటికి తెచ్చి పెంచారు. కొట్టే హక్కు మీకుంది. కొట్టండి. మాట్లాడకుండా ఉండకండి.

మైకు


జూలై 14

మైకుకి,

లాయరు వచ్చింది వాళ్ల నాన్న స్మారక సంచిక ప్రూఫుల కోసం. నలభై పేజీలు. గంట పట్టింది. వెళ్లేటప్పుడు పుస్తకం వైపు చూశాడు. "అమ్మగారు నా పేరు కూడా ఏమైనా రాశారా?" అన్నాడు. "మీరేమీ మాటివ్వలేదుగా" అన్నాను. నవ్వాడు. అంతకుమించి ఏమీ లేదు.

నీ మీద కోపం లేదు. నువ్వు ఆ రోజు వేదిక మీద ఉండటం తప్పు కాదు. మీ అక్కే పంపింది. టాక్సీలో కూడా "వాడికి చెప్పకండి, మాట తడబడతాడు" అంది.

నీకు చెప్పాల్సింది ఒకటి ఉంది. రెండుసార్లు మొదలుపెట్టి చించాను.

ఇవాళ్టి ప్రూఫులు సాయంత్రంలోగా పంపాలి. ఆపుతున్నాను.

బావ


జూలై 21

బావా,

తొందరలో రాస్తున్నాను. కారులో ఉన్నాను, అక్షరాలు గెంతుతుంటే ఏమీ అనుకోకండి.

టిక్కెట్టు ఖాయమైంది! పేపర్లో రేపు వస్తుంది. మొదటి మీటింగు ఆగస్టు పది, ఆదివారం, మన కాలనీ మైదానంలోనే. పెద్దాయన స్వయంగా వస్తున్నాడు. గెలిస్తే ఆరోగ్య శాఖ అని చెవిలో వేశాడు, ఎవరితోనూ అనకండి. మీరెవరితో అంటారులెండి.

ఒక చిన్న మార్పు. మిగిలిపోయిన పనులు చదవడం ఈసారి వద్దన్నారు. దేశమంతా చూస్తుందట, మనం చెయ్యనివి మనమే చెప్పుకుంటే బాగోదట. గీత కొట్టినవి చదవాలట. వాళ్లనేదీ నిజమే అనిపించింది, అబద్ధమైతే చదవడం లేదుగా. ఒక్కొక్కటి చదువుతూ చివర్లో కాలనీ ఆసుపత్రి, అప్పుడు రాయి మీద తెర తియ్యడం. అక్క పేరు మైకులో వినిపిస్తుంటే మీకే నచ్చుతుంది చూడండి. రాయి అయిపోయింది బావా, ఆపడానికి లేదు.

మీరు చెప్పాల్సింది మీటింగు అయ్యాక తీరిగ్గా కూర్చుని చెబుదురుగాని. 25న సెక్రటరీని పంపుతున్నాను. పుస్తకం ఇచ్చెయ్యండి.

మీ
మైకు


జూలై 26

మైకుకి,

సెక్రటరీ వచ్చాడు. పుస్తకం ఇవ్వలేదు. మంచినీళ్లిచ్చి పంపాను. అతని తప్పేమీ లేదు, ఏమీ అనకు.

ఇది మీటింగు అయ్యాక చెప్పేది కాదు.

పోయినేడు సెప్టెంబరులో మీ అక్కకి మోకాలు వాచింది. నడవలేకపోయింది. నలభై మూడో పేజీలో ఒక లైను మిగిలి ఉంది. "కాలనీ ఆసుపత్రిలో ఆదివారాలు కూడా డాక్టరు." నువ్వు సంతకం పెట్టావు, బోర్డు పెట్టించావు. తను చూడలేదు కనుక గీత కొట్టనంది. ఆదివారం మధ్యాహ్నం నన్ను పంపింది. "డాక్టర్ని చూడండి. మాట్లాడి రండి" అంది.

వెళ్లాను. గేటు మీద కొత్త బోర్డు ఉంది. రంగు ఇంకా ఆరలేదు. చదివాను. అక్షరం తప్పు లేదు. చినుకులు మొదలయ్యాయి. ఇంట్లో ప్రూఫులు ఉన్నాయి. గేటు దాటి లోపలికి వెళ్లలేదు.

"ఉన్నాడా?" అంది. "ఉన్నాడు" అన్నాను. ఎర్ర పెన్ను నేనే అందించాను.

మార్చిలో ఆ ఆదివారం రెండు గంటలకి ఛాతీలో నొప్పి అంది. టాక్సీ డ్రైవరు నేరుగా పెద్దాసుపత్రికి పోదామన్నాడు. పదిహేను నిమిషాల దారి. నేను వద్దన్నాను. కాలనీ ఆసుపత్రి మూడు నిమిషాలు. మీ అక్క కూడా "గీత కొట్టేశాంగా, అక్కడికే పోదాం" అంది.

ఆదివారం అక్కడ డాక్టరు ఉండడని కాలనీలో అందరికీ తెలుసు. మన ఇంట్లో తెలియదు. మనం పుస్తకం చూసుకుంటాం.

కాంపౌండరు కూర్చోమన్నాడు. డాక్టరు వస్తారన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ వస్తారన్నాడు. నలభై నిమిషాలు. తను బెంచీ మీద గోడకి ఆనుకుని కూర్చుంది. "డాక్టర్ని మీరు చూశారుగా, మంచివాడేనా?" అని అడిగింది. మంచివాడే అన్నాను.

తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు "అరగంట ముందు తెచ్చి ఉంటే" అని, నా మొహం చూసి ఆపేశాడు. నీకు "వెంటనే తెచ్చాం" అని చెప్పాను. నాలుగు నెలలుగా ఆ అబద్ధం మీద బతుకుతున్నాను.

ముప్ఫై ఏళ్లు ఇతరుల తప్పులు వెతికాను. ఆ ఒక్క లైను చూడకుండా వదిలేశాను.

నువ్వు ఎక్కడో నించుని ఆ మాట అంటావు. చప్పట్లు కొట్టినవాళ్లలో ఒకడు ఏదో ఒక ఆదివారం నమ్మి వెళతాడు. అందుకే ఎత్తవద్దన్నాను. ఆ గోడ మీద తన పేరు వద్దు.

ఆ లైను పుస్తకం చివర మళ్లీ రాశాను. తన రాత కింద నా రాత బాగాలేదు. గీత లేదు. చదువుతావో లేదో నీ ఇష్టం.

బావ


ఆగస్టు 3, ఆదివారం

బావా,

మీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. ఈ ఉత్తరం కాలనీ ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. మీ ఇంటికి మూడు నిమిషాల దూరంలో ఉండి ఉత్తరం రాస్తున్నానని నవ్వకండి. మీ మొహం చూస్తే రాయలేను, చెప్పలేను.

కారు బస్టాపులో ఆపించి నడిచొచ్చాను. టోపీ పెట్టుకున్నాను, కళ్లజోడు తీసేశాను. గోడల మీదంతా నా బొమ్మలే, అయినా ఎవరూ పోల్చలేదు. బొమ్మలో నవ్వుతుంటాను కదా.

రెండూ పది. కాంపౌండరు నా వైపు చూడకుండానే "ఏంటి?" అన్నాడు. ఛాతీ నొప్పి అన్నాను. "కూర్చోండి, వస్తారు" అన్నాడు. పేపరు చదువుకుంటున్నాడు. అందులో నా టిక్కెట్టు వార్త.

రెండూ ఇరవై. పక్కన ఒకామె ఉంది, మోచేతికి కట్టు మార్పించుకోవడానికి వచ్చింది. "మీకేంటి?" అంది. చెప్పాను. "ఛాతీ నొప్పికి ఆదివారం ఇక్కడికెవరొస్తారు నాయనా? కొత్తగా వచ్చారా ఈ కాలనీకి?" అంది. ఇక్కడే పెరిగానన్నాను. "అయితే మరీ విడ్డూరం" అంది. బోర్డు ఉందిగా అన్నాను. "బోర్డు ఎవరైనా చదువుతారా?" అంది. మీరు చదివారు బావా. మన ముగ్గురం చదివాం.

రెండూ ముప్ఫై. లేచి పెరట్లోకి వెళ్లాను. రాయి ఉంది, గోనెపట్టా కప్పి, గోడకి ఆనించి. పట్టా ఎత్తి చూశాను. అక్షరాలు బాగా వచ్చాయి. ఒక్కణ్ణే దాన్ని తిప్పి పేరు గోడవైపు పెట్టాను. నడుం పట్టేసింది.

రెండూ నలభై. ఇంకా రాలేదు. ఒక చీమ ఈ చివరనుంచి ఆ చివరదాకా వెళ్లి తిరిగొచ్చింది.

రెండూ యాభై. నలభై నిమిషాలయ్యాయి. ఇంత పొడుగని నాకు తెలీదు. నా ఉపన్యాసాలన్నీ నలభై నిమిషాలే. మార్చిలో ఆ ఆదివారం డైరీ తీసి చూశాను. రెండుంబావుకి మొదలుపెట్టి మూడింటికి కాస్త ముందు ముగించాను. ముగింపు ఎప్పుడూ ఒకటే. "మా కాలనీలో ఆదివారం కూడా డాక్టరుంటాడు." అదే టైములో అక్క ఇక్కడ కూర్చుంది.

టోపీ తీశాను. కాంపౌండరు లేచి నించున్నాడు, పేపరు కిందపడింది. డాక్టరేడన్నాను. "సార్, పోస్టు మంజూరైంది గానీ మనిషిని వెయ్యలేదు సార్. బోర్డు ముందు పెట్టేశారు. పైకి మూడుసార్లు రాశాను సార్." ఎవరికి రాశావన్నాను. "మేయరుగారికి" అన్నాడు. అంటే నాకే. నేను చదవలేదు. మేయరునయ్యాక ఉత్తరాలు వేరేవాళ్లు చదివేవారు.

పెన్ను మీరు అందించారు, సరే. చినుకులకి భయపడి తిరిగొచ్చారు, అదీ సరే. డాక్టరు లేకుండా ఉత్త బోర్డు తగిలించింది ఎవరు? అక్క నా నోటిమాట నమ్మనని పుస్తకం పెట్టింది. ఆ పుస్తకంలోకి నా అబద్ధం ఎక్కింది. మీ చేతిమీదుగా ఎక్కిందని మీరొక్కరే మొయ్యకండి.

పదో తారీఖున మిగిలినవే చదువుతాను. పెద్దాయనకి చెప్పాను. "నీ ఇంటి దుఃఖం నా వేదిక మీద వద్దు" అన్నాడు. ఇది మా ఇంటిది కాదు, పని చెయ్యకపోవడం అన్నాను. టిక్కెట్టు వెనక్కి తీసుకునే టైము లేదు కాబట్టి ఊరుకున్నాడు. ఆరోగ్య శాఖ మాత్రం మర్చిపోవచ్చు. అదడిగే మొహం నాకెలాగూ లేదు.

పుస్తకం మీరే తీసుకురండి. సెక్రటరీ చేతికి ఇవ్వకండి.

ఈ చివరి ముక్క కారెక్కాక రాస్తున్నాను. వెళ్లేటప్పుడు మీ వీధిలోంచే వెళ్లాను. వంటింటి కిటికీ మూసుంది. ఆగే ధైర్యం లేకపోయింది.

మైకు


ఆగస్టు 18

మైకుకి,

పదో తారీఖున పుస్తకం నీ చేతికిచ్చి ఎడమవైపు మెట్ల దగ్గర నించున్నాను. అక్కడ నేలలో చిన్న గుంట ఉంది. తను ఇన్నేళ్లు ఎలా నించుందో తెలియలేదు.

పదకొండు లైన్లు చదివావు. చివరిది చదివేటప్పుడు కాగితం వైపు చూడలేదు. మీ అక్క పేరు ఎత్తలేదు. "మా ఇంటి మనిషి ఒకరు నమ్మి వెళ్లారు" అన్నావు, అంతే. అది సరిగ్గా ఉంది. నేను దగ్గాల్సిన అవసరం రాలేదు.

చప్పట్లు పడలేదు. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. పేపర్లో పది లైన్లే వేశారు, చివరిది వదిలేశారు. కట్టు ఉన్న చేత్తో ఒకామె నా పక్కకి వచ్చి, "ఆ రోజు బెంచీ మీద కూర్చున్నది ఈయనే కదండీ?" అంది. అవునన్నాను. "చెప్పొచ్చుగా" అని నీ మీద కోప్పడింది.

బోర్డు తీయించావు. గేటుకి నాలుగు మేకులు మిగిలాయి. కనీసం ఇప్పుడు ఎవరూ మోసపోరు. లాయరు దాని మీద కరపత్రం వేస్తున్నాడు. ప్రూఫులు నా దగ్గరికే పంపాడు. అక్షరదోషాలు దిద్ది పంపాను. విషయం నిజమే కనుక ముట్టుకోలేదు. నీకు ముందే చెబుతున్నాను, మళ్లీ కార్యదర్శి ఫోను చేస్తాడు.

కిటికీ చెక్క చిత్రిక పట్టించాను. తెరుచుకుంటోంది. ఈసారి వీధిలోంచి వెళితే ఆగు. టీ ఎలాగూ రెండు గ్లాసులు పెడుతున్నాను.

నిన్న ఆదివారం. రెండు గంటలకి ఆసుపత్రికి వెళ్లాను. గేటు దగ్గర ఆగలేదు. లోపలికి వెళ్లి మూడింటిదాకా కూర్చున్నాను. డాక్టరు లేడు. కొత్త మనిషిని వేసినట్టు కాగితం వచ్చిందని కాంపౌండరు చూపించాడు. కాగితం చూశాను. మనిషిని చూడలేదు.

గీత కొట్టలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వెళతాను.

బావ